అద్దె ఇల్లు ఖాళీ చేస్తున్నారా? అడ్వాన్స్‌లో ఓనర్ ఏం పట్టుకోవచ్చు, ఏం పట్టుకోకూడదు

"పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామంటున్నారు. అలా చేయొచ్చా?" బడులకు సెలవులిచ్చి జనం ఇళ్లు మారే రోజులు వచ్చాయంటే నన్ను అడిగేవాళ్లలో సగంమందిది ఇదే ప్రశ్న.

ఒక్క ముక్కలో అవుననీ కాదనీ చెప్పలేను. మీ అగ్రిమెంట్‌లో ఏం రాసుంది, చేరిన రోజు ఆ గోడ ఎలా ఉంది, అందులో ఎన్నేళ్లు ఉన్నారు అనే మూడూ తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. అడిగినవాళ్లలో చాలామంది దగ్గర మొదటి రెండింటికీ కాగితం ముక్క కూడా ఉండదు. అందుకే ఈ మార్గదర్శిని ఖాళీ చేసే రోజు నుంచి కాకుండా, చేరే రోజు కంటే ముందునుంచే మొదలుపెడుతున్నాను.

ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్‌లో, తెలంగాణలో కుటుంబాలు ఉండే అద్దె ఇళ్ల గురించి. ఇందులో వచ్చే కేంద్ర చట్టాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ వర్తిస్తాయి, కానీ అద్దెల మీద అక్కడి రాష్ట్ర చట్టం వేరు. షాపులు, ఆఫీసులు, పీజీ హాస్టళ్ల లెక్క ఇందులో లేదు.

1. చట్టం ఎక్కడుంది?

అడ్వాన్స్ ఎంత ఉండాలి, ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి అని చెప్పి, ఈనాటి ఫ్లాట్లకు వర్తించే ప్రత్యేక చట్టం తెలంగాణలో లేదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది గానీ, 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు. ఇవాళ ఆ అద్దెకు నగరంలో ఒక గది దొరకడమే కష్టం.

కాబట్టి ఆధారాలు ఇవి:

మొదటిది మీ అగ్రిమెంట్. మిగతా వాటికంటే దీనికే బలం ఎక్కువ.

రెండోది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108. ఇల్లు చేతికి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలని, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకూ ఎవరూ ఆపలేని విపత్తు వల్ల వచ్చే మార్పులకూ మాత్రం మినహాయింపు ఉంటుందని ఇందులోని ఎం క్లాజు చెబుతుంది. అయితే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరేలా లేనప్పుడే ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఈ చిన్న షరతును చాలామంది చదవరు.

మూడోది 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్లు 73, 74. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే రాసుకున్నా, ఆ అంకె పైపరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే దక్కుతుంది. నష్టమే జరగకపోతే డబ్బు పట్టుకోవడం కుదరదని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది స్థలం వేలానికి సంబంధించిన కేసు, అయినా సూత్రం ఇక్కడ పనికొస్తుంది.

నాలుగోది 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం. ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని, ఇల్లు స్వాధీనమైన రోజే బాకీలు మినహాయించుకుని మిగిలింది తిరిగివ్వాలని ఇందులో ఉంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఇది ఎవరినీ కట్టిపడేయదు. కానీ ఏ రిపేరు ఎవరిదో చెప్పే జాబితా ఒకటి ఇందులో ఉంది, ఓనర్‌తో మాట్లాడేటప్పుడు బాగా అక్కరకొస్తుంది.

వీటన్నిటి నుంచి నేను తీసుకునే కొలత ఒకటే. అరిగింది ఓనర్ ఖాతా, విరిగింది మీ ఖాతా. కింద ఏ వస్తువు గురించి మాట్లాడినా ముందు ఈ ప్రశ్నే వేస్తాను.

2. సంతకానికి ముందు అగ్రిమెంట్‌లో చూడాల్సినవి

నోటరీ దగ్గర దొరికే పాత నమూనాలో పేర్లు మార్చి ఇస్తారు. మనం అద్దె అంకె చూసి సంతకం పెట్టేస్తాం. గొడవంతా మిగతా పేరాల్లో ఉంటుంది.

□ అడ్వాన్స్ ఎంత, ఏ రోజు, ఏ రూపంలో ఇచ్చారో రాసి ఉందా?
□ పెయింటింగ్ గురించి ఏమైనా ఉందా? అంకె ఉందా?
□ ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల నోటీసు?
□ లాక్-ఇన్ ఉందా? అంటే ఇన్ని నెలల లోపు వెళ్లకూడదన్న షరతు.
□ చిన్న రిపేర్లు ఎవరివి, పెద్దవి ఎవరివి?
□ అడ్వాన్స్ తిరిగిచ్చే గడువు ఉందా?
□ మధ్యలో ఇల్లు అమ్మితే అడ్వాన్స్ ఎవరు తిరిగివ్వాలి?

పెయింటింగ్ పేరా "ఖాళీ చేయునపుడు ఒక నెల అద్దె మినహాయించబడును" అని ఉంటే, ఇలా మార్చమని అడగండి: "మామూలు అరుగుదల కాకుండా అద్దెదారు వల్ల గోడలకు నష్టం జరిగితే, బిల్లు చూపించి ఆ మేరకు మాత్రమే మినహాయించుకోవచ్చు. మూడేళ్లు దాటి నివసిస్తే పెయింటింగ్ ఖర్చు యజమానిదే."

ఒప్పుకోకపోతే? సగం నెలకైనా దించమనండి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఓనర్ మాట వింటారు, మీరు సామాను దించాక వినరు.

అడ్వాన్స్‌ను బ్యాంకు ద్వారానో యూపీఐలోనో పంపి, రిమార్క్స్‌లో "ఇంటి అడ్వాన్స్" అని రాయండి. నగదు ఇస్తే సంతకంతో రసీదు తీసుకోండి.

పదకొండు నెలల అగ్రిమెంట్లు ఎందుకంటే, ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న కేంద్ర చట్టం లెక్కతో. నిజానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో చేసిన సవరణ వల్ల ఇక్కడ అంతకంటే తక్కువ కాలం లీజులకూ రిజిస్ట్రేషన్ కావాలి. పదకొండు నెలలు అయ్యాక చాలామంది కొత్తది రాసుకోరు. కనీసం "పాత షరతులే కొనసాగుతాయి, అడ్వాన్స్ ఇంత ఓనర్ దగ్గర ఉంది" అని వాట్సాప్‌లో అయినా అనిపించుకోండి.

3. చేరే రోజు: పాలు పొంగించే ముందు అరగంట

సామాను రాకముందు, పగటి వెలుతురులో, ఇల్లంతా ఒక వీడియో తీయండి. గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఆపకుండా నడవండి. ఆ తర్వాత లోపాలను విడివిడిగా ఫొటోలు తీయండి.

□ కరెంటు మీటర్ రీడింగ్
□ ప్రతి గోడ, ముఖ్యంగా కిటికీల కింద, బాత్రూమ్ పక్క గోడ: నెమ్ము, పెచ్చులు, పాత మేకుల రంధ్రాలు
□ సీలింగ్ మీద నీటి మరకలు
□ కుళాయిలు, షవర్: బోరు నీళ్ల తెల్ల పొర ఇప్పటికే ఉందా?
□ గీజర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, చిమ్నీ పనిచేస్తూ ఉండగా
□ వాష్‌బేసిన్, సింక్, కమోడ్: వెంట్రుకంత పగులు ఉన్నా
□ స్విచ్ బోర్డులన్నీ
□ కప్‌బోర్డు తలుపులు, కబ్జాలు, తాళాలు
□ దోమల మెష్
□ చేతికిచ్చిన తాళం చెవులు ఎన్ని

ఆ రోజే ఓనర్‌కు పంపండి. ఇంత చాలు: "నమస్తే అండీ. ఈ రోజు తాళాలు తీసుకున్నాం. ఇంటి వీడియో, ఫొటోలు పంపుతున్నాను. పడకగది గోడకు నెమ్ము ఉంది, హాల్లో రెండు మెష్‌లు చిరిగి ఉన్నాయి. చూసి చెప్పండి."

జవాబు రాకపోయినా ఫర్వాలేదు, తేదీతో సహా వెళ్లిందిగా. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గుతుంది కాబట్టి ఒరిజినల్ ఫైళ్లు అలాగే ఉంచండి. రేపు కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద, ఆ ఫైళ్లు ఫలానా ఫోన్ నుంచి వచ్చాయని సర్టిఫికెట్ ఇవ్వాల్సి వస్తుంది.

నేను ఒకసారి ఈ పని చేయలేదు. వంటింటి గట్టు గ్రానైట్ మూలన పగులు మేం చేరకముందునుంచే ఉంది. వెళ్లేటప్పుడు అది మా రుబ్బురోలు వల్లే అన్నారు. మా ఇంట్లో రుబ్బురోలే లేదు. అయినా డబ్బు పోయింది, చూపించడానికి ఏమీ లేదు మరి.

4. ఉన్నన్నాళ్లూ

లోపం కనిపించిన వెంటనే రాసి పెట్టండి. పైఫ్లాట్ నుంచి నీరు కారి గోడ పాడైతే అది మీ తప్పు కాదు. కానీ ఆర్నెల్లు చెప్పకుండా ఊరుకుంటే, చెప్పి ఉంటే ఇంత పాడయ్యేది కాదని వాదించే అవకాశం ఓనర్‌కు మీరే ఇచ్చినట్టు.

ఓనర్ చేయించాల్సిన రిపేరును నోటీసిచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చని సెక్షన్ 108 ఎఫ్ క్లాజు చెబుతుంది. అగ్రిమెంట్ వేరేలా లేకపోతేనే సుమా. ముందు రాతపూర్వకంగా చెప్పండి, తర్వాత బిల్లు ఉంచండి. ఈ రెండూ లేకుండా అద్దె కోస్తే అది బాకీ అవుతుంది.

టీవీ బిగించడానికి, ఏసీ పైపు కోసం గోడకు రంధ్రం వేయడానికి ముందు అడగండి. "సరే" అన్న ఒక్క మెసేజ్ వేల రూపాయలు కాపాడుతుంది.

5. ఓనర్ న్యాయంగా పట్టుకోగలిగినవి

ఇందులో వాదన పెట్టుకోకండి, గెలవరు.

□ కట్టని అద్దె
□ మీరు ఉన్న కాలానికి కరెంటు, నీటి బిల్లులు
□ కట్టని నెలవారీ మెయింటెనెన్స్
□ పగలగొట్టినవి: బేసిన్, అద్దాలు, టైల్, తలుపు
□ పోగొట్టిన తాళం చెవులు, రిమోట్లు, తీసుకెళ్లిపోయిన ఫిట్టింగులు
□ అడక్కుండా చేసిన మార్పులను పాత స్థితికి తేవడానికైన ఖర్చు
□ నోటీసు తక్కువ ఇచ్చినందుకు ఆ రోజుల అద్దె

చివరి దాని గురించి ఒక మాట. అగ్రిమెంట్‌లో నోటీసు ఊసే లేకపోతే నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు చాలని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 చెబుతుంది. నెల అని రాసుంటే నెల ఇవ్వాల్సిందే. కానీ మీరు ముందే వెళ్లిపోయాక వారంలో కొత్తవాళ్లు చేరి అద్దె కడుతుంటే, ఓనర్‌కు జరిగిన నష్టం వారం రోజులదే. లాక్-ఇన్ విషయంలోనూ ఇదే వాదన. ఆ ఇంట్లోకి కొత్తవాళ్లు ఎప్పుడు చేరారో వాచ్‌మన్‌ను అడిగితే తెలుస్తుంది.

6. పట్టుకోకూడనివి

□ ఎండకు వెలిసిన రంగు, సోఫా వెనక గోడ మీద పడిన లేత మరక
□ బోరు నీళ్లకు తెల్లబడిన కుళాయిలు, షవర్
□ నడిచి నడిచి మెరుపు తగ్గిన ఫ్లోరింగ్
□ వానాకాలం నెమ్ము, పైపుల లీకేజీ, పాత వైరింగ్ కాలిపోవడం
□ ఆస్తి పన్ను, అపార్ట్‌మెంట్ కార్పస్ ఫండ్, లిఫ్ట్ మార్చినందుకు, బయటి గోడల రంగుకు అసోసియేషన్ వేసిన చందా (అగ్రిమెంట్‌లో మీరు ఒప్పుకుని ఉంటే తప్ప)
□ కొత్త అద్దెదారును తెచ్చిన బ్రోకర్ కమిషన్
□ పాతదాని బదులు ఖరీదైన కొత్తది కొన్న తేడా

కరెంటు బిల్లులో ఎప్పుడైనా ఏసీడీ (అదనపు వాడకం డిపాజిట్) అనే పద్దు వస్తే ఆగి చూడండి. అది వాడకం ఛార్జీ కాదు, కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి డిపాజిట్. మీరు వెళ్లినా ఆ డబ్బు మీటర్‌తోనే ఉంటుంది. మీరు కట్టి ఉంటే ఓనర్ దగ్గర తిరిగి అడగండి. ఈ సంగతి చాలామంది ఓనర్లకు కూడా తెలియదు, మర్యాదగా చెబితే ఒప్పుకుంటారు.

7. అసలు పేచీ వచ్చేవి

పెయింటింగ్.

మూడు సందర్భాలు ఉంటాయి. అగ్రిమెంట్‌లో ఏమీ లేకపోతే, మామూలుగా మాసిన గోడకు డబ్బు అడిగే హక్కు ఓనర్‌కు లేదు. నమూనా చట్టం జాబితా కూడా గోడలకు సున్నం, తలుపులు కిటికీల రంగు ఓనర్ వైపే వేసింది. "ఇక్కడ అందరూ ఇస్తారు" అన్న మాట వినిపిస్తుంది. స్థానిక ఆచారం అనేది చట్టంలో ఉన్న మాటే కాబట్టి కొట్టిపారేయలేం. అయితే ఆచారం ఉందని నిరూపించాల్సింది చెప్పినవాళ్లే. పక్క ఫ్లాట్‌లో పట్టుకోలేదని తెలిస్తే ఆ వాదన అక్కడే ఆగిపోతుంది.

అగ్రిమెంట్‌లో "పెయింటింగ్ ఖర్చు అద్దెదారుదే" అని అంకె లేకుండా ఉంటే, బిల్లు అడగండి. పెయింట్ వేయకుండానే కొత్తవాళ్లను చేర్చితే ఖర్చే లేదు.

"ఒక నెల అద్దె" అని అంకెతో సహా ఉండి మీరు సంతకం పెట్టి ఉంటే, మీ స్థితి బలహీనమే. అది జరిమానా కాదు, ముందే ఒప్పుకున్న ఛార్జీ అని ఓనర్ అంటారు. మీరు సెక్షన్ 74 చూపించి, అసలు ఖర్చు ఎంతో అంతే తీసుకోమని అడగొచ్చు. నా అనుభవంలో ఇలాంటివి కోర్టు కంటే మాటలతోనే తేలతాయి, సాధారణంగా సగం దగ్గర.

పిల్లలు క్రేయాన్లతో గీసిన గోడ, దేవుడి మూల దీపం మసి, మేకు పీకితే ఊడొచ్చిన లప్పం మాత్రం మామూలు అరుగుదల కాదు. అయితే ఒక గోడ పాడైతే ఒక గోడకే కట్టాలి, ఇల్లంతటికీ కాదు. అందులోనూ ఆ రంగు వయసు చూడాలి. ఐదేళ్లు మన్నే రంగు మీద మూడేళ్లు గడిచాక పాడైతే, పోయింది మిగిలిన రెండేళ్ల విలువే. ఇన్ని శాతాలు అని చట్టంలో రాసి లేదు. "సమంజసమైన పరిహారం" అన్న మాటను అంకెగా మార్చే పద్ధతి ఇది.

డీప్ క్లీనింగ్.

ఊడ్చి, తుడిచి, చెత్త లేకుండా అప్పగించడం మీ పని. హోటల్ గదిలా మెరిపించడం కాదు. కానీ చిమ్నీ చుట్టూ పోపు జిడ్డు గట్టిపడి ఉంటే, బాత్రూమ్ పాచిపట్టి ఉంటే అడగడం న్యాయమే. వెళ్లే ముందు వంటిల్లు, బాత్రూమ్‌లు మాత్రం మనిషిని పెట్టి కడిగించి ఫొటో తీసుకుంటే తక్కువలో పోతుంది.

గీజర్, కుళాయిలు, స్విచ్‌లు.

ఇక్కడ నమూనా చట్టం అద్దెదారు పక్షం కాదు. కుళాయిల వాషర్లు, గీజర్ రిపేర్, స్విచ్‌లు, సాకెట్లు, తలుపుల తాళాలు, మెష్ మార్చడం, కిటికీ అద్దాలు అన్నీ అద్దెదారు జాబితాలో ఉన్నాయి. పైపులు మార్చడం, పెద్ద వైరింగ్ పని ఓనర్ జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఆ చట్టం చూపించి మాట్లాడదలచుకుంటే మీకు నచ్చిన సగమే చూపించలేరు. పదేళ్ల గీజర్ ట్యాంకు కారిపోతే మాత్రం అది రిపేరు కాదు, దాని ఆయుష్షు తీరింది.

8. ఒక లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు అద్దె 22,000, అడ్వాన్స్ 44,000, మూడేళ్లు ఉన్నారు, అగ్రిమెంట్‌లో పెయింటింగ్ ఊసు లేదు. ఓనర్ ఇచ్చిన చిట్టా: పెయింటింగ్ 22,000, డీప్ క్లీనింగ్ 5,000, గీజర్ ఎలిమెంట్ 1,800, పిల్లి చింపిన మెష్ 1,500, పగిలిన బేసిన్ 3,200, కరెంటు 1,450, మెయింటెనెన్స్ 2,500. మొత్తం 37,450. మీ చేతికి వచ్చేది 6,550.

ఒక్కొక్కటిగా తీద్దాం.

పెయింటింగ్: పిల్లలు గీసిన గోడ ఒక్కటే. దానికి పెయింటర్ 1,800 చెప్పాడు. రంగు ఐదేళ్లలో మూడేళ్లు అయిపోయింది కాబట్టి 720.
క్లీనింగ్: వంటింటి జిడ్డు నిజమే, ఆ మేరకు 1,500.
గీజర్ ఎలిమెంట్: బోరు నీళ్ల వల్ల పోయింది, కానీ ఓనర్ వాదనా ఉంది. సగం, 900.
మెష్ 1,500, బేసిన్ 3,200, కరెంటు 1,450, మెయింటెనెన్స్ 2,500 పూర్తిగా.

మొత్తం 11,770. తిరిగి రావాల్సింది 32,230.

ఇలాంటి కాగితం తీసుకెళ్లి కూర్చోండి. మీ తప్పులు మీరే ముందు ఒప్పుకుంటే మిగతా వాటి మీద ఓనర్ గొంతు తగ్గుతుంది. "అన్నీ అన్యాయమే" అని మొదలుపెట్టినవాళ్లకు రావాల్సిందీ రాదు.

9. నోటీసు నుంచి తాళం చెవుల దాకా

నెల ముందు: ఖాళీ చేసే తేదీ రాసి నోటీసు పంపండి. "చూశాను" అనో "సరే" అనో జవాబు తెప్పించుకోండి. వాచ్‌మన్‌తో చెబితే నోటీసు ఇచ్చినట్టు కాదు.

పదిహేను రోజుల ముందు: ఓనర్‌ను ఇంటికి పిలిచి చూపించండి. "ఏమైనా చేయించాలంటే చెప్పండి, మేమే చేయించి వెళ్తాం" అనండి. మీ ప్లంబర్‌తో 300కి అయ్యే పని ఓనర్ చిట్టాలో 1,500 అవుతుంది. ఓనర్ ఒప్పుకుంటే కొత్తవాళ్లకు ఇల్లు చూపించడానికీ సహకరించండి. ఎందుకంటే మీరిచ్చిన అడ్వాన్స్ ఓనర్ బీరువాలో ఉండదు. కొత్తవాళ్లు ఇచ్చేదాంట్లోంచే మీది తీసి ఇచ్చే ఇళ్లే ఎక్కువ. ఆలస్యాలకు అసలు కారణం చాలాసార్లు ఇదే, దురుద్దేశం కాదు. అలాగని వాళ్లు దొరికేదాకా మీరు ఆగాలనీ లేదు.

మూడు రోజుల ముందు: కరెంటు, మెయింటెనెన్స్ కట్టేసి రసీదులు ఒకచోట పెట్టండి.

ఖాళీ చేసే రోజు: సామాను లారీ ఎక్కాక, ఖాళీ ఇంట్లో, చేరిన రోజు నడిచిన దారిలోనే మళ్లీ వీడియో. మీటర్ ఫొటో. చివరి బిల్లు రాలేదు కాబట్టి యూనిట్లు లెక్కేసి ఇద్దరూ ఒక అంకెకు రండి.

తాళాలు ఇచ్చేటప్పుడు ఒక తెల్ల కాగితం మీద మూడు లైన్లు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి: ఇన్ని తాళం చెవులు అందాయి, ఇంత మినహాయించాం ఇందుకు, మిగిలిన ఇంత ఫలానా తేదీన ఇస్తాం. డబ్బు అప్పటికప్పుడు యూపీఐలో పడితే ఇంకా మంచిది.

"చివరి రెండు నెలలు అద్దె కట్టకుండా అడ్వాన్స్‌లో సర్దుకుందాం" అనేది అందరికీ తెలిసిన కిటుకే. ఓనర్ ఒప్పుకుంటే హాయి. ఒప్పుకోకపోతే అది మీ హక్కు కాదు, అద్దె బాకీ కిందికే వస్తుంది.

10. జనం చేసే తప్పులు, వాటికి విరుగుడు

చేరిన రోజు ఫొటోలు లేవా? పాత ఫోన్‌లో గృహప్రవేశం రోజు బంధువులతో దిగినవి, పిల్లల పుట్టినరోజువి వెతకండి. వెనకాల గోడ కనిపిస్తుంది.

అగ్రిమెంట్ కాపీ ఓనర్ దగ్గరే ఉండిపోయిందా? గొడవ మొదలవక ముందే, ఆఫీసులో అడ్రస్ ప్రూఫ్ కావాలని అడిగి తీసుకోండి.

అడ్వాన్స్ నగదుగా ఇచ్చి రసీదు తీసుకోలేదా? "నా అడ్వాన్స్ 44,000 మీ దగ్గర ఉంది కదండీ, ఏ రోజు ఇస్తారు?" అని ఇప్పుడే మెసేజ్ పెట్టండి. తేదీ చెప్పినా, గడువు అడిగినా, అంకెను కాదనలేదన్న సాక్ష్యం మీ చేతికొస్తుంది.

కోపంతో తాళాలు ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నారా? ఇచ్చేయండి. చెవులు మీ దగ్గర ఉన్నన్నాళ్లూ అద్దె నడుస్తుందని ఓనర్ అనగలరు. ఓనర్ తీసుకోవడానికి రాకపోతే ఫలానా రోజు ఇస్తానని రాతపూర్వకంగా చెప్పి, సాక్షిని పెట్టుకుని అప్పగించండి.

11. ఇవ్వకపోతే

ముందు చిట్టా అడగండి. "ఏ పనికి ఎంత పట్టుకున్నారో బిల్లులతో పంపండి" అని ఒక్క మెసేజ్. సగం లెక్కలు ఇక్కడే కరుగుతాయి.

వారం పది రోజులు చూసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్ట్‌లో ఉత్తరం పంపండి. అందులో ఉండాల్సినవి:

□ ఇంటి చిరునామా, ఉన్న కాలం
□ ఇచ్చిన అడ్వాన్స్, ఇచ్చిన తేదీ
□ తాళాలు అప్పగించిన తేదీ
□ మీరు ఒప్పుకునే మినహాయింపులు, మీ లెక్కలో రావాల్సిన మొత్తం
□ చెల్లించడానికి పదిహేను రోజుల గడువు
□ గడువు దాటితే వడ్డీ కూడా కోరతానన్న వాక్యం

వడ్డీ వాక్యం మరిచిపోకండి. 1978 నాటి వడ్డీ చట్టం కింద, రాతపూర్వకంగా అడిగిన తేదీనుంచి వడ్డీ ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

దానికీ కదలకపోతే లాయర్ నోటీసుకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమంటాను. కేసు వేయకముందే అర్జీ పెట్టొచ్చు, ఓనర్‌ను పిలిపించి కూర్చోబెడతారు. రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు, కోర్టు ఫీజూ లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే కుదురుతుందన్నది దీని లోటు. దారి తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి, అది జాతీయ న్యాయ సేవల హెల్ప్‌లైన్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే సివిల్ విషయం అంటారు. డబ్బు లెక్క వరకు అది నిజమే. సామాను బయటికి తీసుకెళ్లనివ్వకపోవడం, బెదిరించడం లాంటివి ఉంటే అప్పుడు వెళ్లండి.

చివరిది సివిల్ కోర్టు. ముప్పై వేల కోసం ఏళ్లు తిరగాలా అన్నది మీరే ఆలోచించుకోవాలి. నేనైతే లక్ష దాటితే తప్ప వెళ్లను. దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది, ఖాళీ చేసిన తేదీనుంచే లెక్కేసుకోవడం క్షేమం. ఆ మూడేళ్లూ ఇంటి వీడియోలున్న పాత ఫోన్‌ను ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకండి.